చెవిలోని ఆకాశం, చెవిలోని ఎముక

శబ్దం ఆకాశగుణమని నమ్మిన వైశేషికులకు, చెవి రంధ్రంలో పరిమితమైన ఆకాశమే శ్రవణేంద్రియం. నిత్యమైన ఆకాశం ఉండగా చెవుడెలా వస్తుందన్న ఆక్షేపానికి వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు అదృష్టాన్ని, అంటే ఆత్మలో నిలిచిన ధర్మాధర్మాలను, సహకారిగా చూపి, దాని లోపమే చెవుడన్నాడు.

1893లో చెవి వైద్యుడు పొలిట్జర్ లోపలి చెవి ఎముక వ్యాధిగా గుర్తించిన ఓటోస్క్లెరోసిస్‌లో కణజాలం మరో కారణం చూపుతుంది. సాధారణంగా దాదాపు మార్పు చెందని ఆ గట్టి ఎముకను, ముఖ్యంగా లోపలి చెవి ద్వారమైన అండాకార గవాక్షం ముందు, ఎముకను కరిగించే కణాలు తొలిచివేయగా, రక్తనాళాలు నిండిన స్పంజి వంటి ఎముక పెరిగి, క్రమేణా గట్టిపడి, స్టేపిస్ అనే రికాబు ఆకారపు చిన్న ఎముకను కదలనివ్వదు. శ్రవణ నాడి చెడని దశలో ఇలాంటి రోగికి నిశ్శబ్దమైన గదిలో కంటే ఆబిడ్స్ కూడలి రొదలోనో, నాంపల్లి స్టేషన్ ముందరో ఎదుటివారి మాట బాగా తెలియవచ్చు. రొదను మించాలని వారు గొంతు పెంచుతారు కదా. నాడి బాగున్నా ఎముక బిగుసుకోవడం వల్లే వినికిడి తగ్గుతుంది గనక, ఇంద్రియం వేరు, దాని అధిష్ఠానం, అంటే అది నెలకొన్న శరీరభాగం, వేరన్న పాత విభజనకు ఇంతటి సాక్ష్యం అరుదు.

అదృష్టవాదం మాత్రం ఇక్కడ తడబడుతుంది. 1956లో శస్త్రవైద్యుడు షే స్టేపిస్ స్థానంలో కృత్రిమ భాగాన్ని అమర్చి వినికిడి తిరిగి తెచ్చినప్పుడు, ఆ చికిత్స కూడా రోగి ధర్మఫలమేనని వాదించవచ్చు గాని, ఏ ఫలితానికైనా అమరే సమాధానం దేనినీ వివరించదు. అయినా ఒకే జన్యువును పంచుకున్న తోబుట్టువుల్లో ఒకరికే చెవుడు రావడానికి కణజాలం కూడా పూర్తి జవాబు ఇవ్వలేదు.