వలస విధానం, శ్రమ ఋణం: బర్మా అనుభవం

తన గడపలోనికి ఎవరు రావాలో నిర్ణయించుకొనే అధికారం ప్రతి దేశానికీ ఉన్నది. దానిని కాదనేవారు అరుదు. అయితే వచ్చినవాని చెమటతో సంపద పెంచుకొన్న దేశానికి, అక్కర తీరిన నాడు అతనిని పొమ్మనే అధికారం కూడా అంత నిస్సందేహంగా ఉన్నదా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి బర్మా చరిత్రను మించిన ఉదాహరణ దక్షిణాసియాలో దొరకడం కష్టం. తెలుగువారికి అది పరాయి చరిత్ర కూడా కాదు.

1852 యుద్ధంతో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైంది. 1869లో సూయజ్ కాలువ తెరచుకొన్న తరువాత ఇరావతి డెల్టాలోని అడవులూ చిత్తడినేలలూ త్వరత్వరగా వరిమళ్ళుగా మారాయి. ఎగువ ప్రాంతపు బర్మీయ రైతులు దిగివచ్చి పొలాలు చేసుకొన్నారు. మిల్లులకు, రేవుకు, రైలుమార్గాలకు, నగర పారిశుధ్యానికి మాత్రం మనుషులు చాలలేదు. 1880ల ఆరంభంలో ప్రయాణపు ఖర్చులో కొంత సర్కారే భరించి కూలీలను రప్పించింది. గంజాం మొదలు గోదావరి వరకు గల తీరగ్రామాల నుండి జనం ఓడలెక్కారు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువారికి స్థిరపడింది. పోనుపోను ఆ పిలుపులో చులకన కూడా చేరింది.

ఈ వలసను నడిపించినవాడు మేస్త్రీ. ఊరిలో బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి, రంగూనులో పని చూపి, ఆ బాకీని కూలిలో మినహాయించుకొనేవాడు. చట్టం కూలీని కట్టివేయలేదు, అప్పు కట్టివేసింది. 1937 వరకు బర్మా భారత సామ్రాజ్యంలో ఒక రాష్ట్రమే గనుక సముద్రం దాటడం చట్టం దృష్టిలో దేశాంతరగమనమే కాదు. వలస విధానం లేకపోవడం కూడా ఒక విధానమే. దాని వలన ఎవరికి లాభమో తెలిసినవారు దానిని అలాగే ఉండనిచ్చారు.

1931 జనగణన నాటికి బర్మాలోని కోటీ 46 లక్షల జనాభాలో భారతీయులు సుమారు 10 లక్షలు. రంగూను నగరంలో సగానికి పైగా వారే. పొలాలు విస్తరిస్తున్నంతకాలం రేవుపని పరాయివారు చేయడం బర్మీయునికి లోటుగా తోచలేదు. ఆర్థికమాంద్యంలో బియ్యం ధర పడిపోయేసరికి లెక్క తారుమారైంది. వరిపండే ముఖ్య జిల్లాలలో చెట్టియార్ల చేతిలోని భూమి 1930లో 6 శాతం. 1937 నాటికి 25 శాతం. భూమి కోల్పోయిన రైతు కూలికై నగరానికి వచ్చి చూస్తే అక్కడ ప్రతి పని వద్దా మరొకడు నిలబడి ఉన్నాడు. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేశారు. యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. సమ్మె పరిష్కారం కాగానే వారిని తీసివేశారు. అప్పుడు చెలరేగిన అల్లర్లలో పేదవాడు పేదవానిని చంపాడు; ఇద్దరినీ ఒకరిపై ఒకరిని పోటీగా వాడుకొన్న కంపెనీలకు నష్టం రాలేదు.

బర్మీయ జాతీయవాదుల వాదనను ద్వేషమని తోసిపుచ్చడం న్యాయం కాదు. తలుపు తెరచినవారు వారు కారు. వారిని అడిగినవారూ లేరు. ఇకపై రాకపోకలకు హద్దు పెడతామనడంలో అధర్మం కనిపించదు. అయితే బాక్‌స్టర్ విచారణ తేల్చినది వేరు: భారతీయ కూలీ అధికంగా బర్మీయుడు చేయని పనినే చేశాడు గాని అతనిని తొలగించలేదు. అయినా 1941 జూలైలో కుదిరిన ఒప్పందం అనుమతి పత్రాలనూ రుసుములనూ విధించి, పాతకాపులను సైతం అనుమానితులుగా నిలబెట్టింది. గాంధీజీ దానిని తీవ్రంగా విమర్శించారు.

దాని ఫలితం చూడకముందే యుద్ధం ముంచుకొచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడినప్పుడు కూలీలు నగరం విడిచి పరుగెత్తారు. రేవులో సరుకు దింపేవారు లేరు, వీధులు ఊడ్చేవారు లేరు. అంతవరకు లెక్కలోకి రాని శ్రమ విలువ ఆ కొద్దిరోజులలో అధికారులకు తెలిసివచ్చింది. ఆపై లక్షలమంది కొండదారుల వెంట నడచి భారతదేశం చేరారు. దారిలో రాలిపోయినవారు వేలలో ఉన్నారు.

స్వతంత్ర బర్మాలో 1964లో దుకాణాలు జాతీయం చేయబడినాయి, పెద్ద నోట్లు రద్దయినాయి. ఆ దశాబ్దంలో సుమారు మూడు లక్షల భారతీయులు వెళ్ళిపోయారు. యుద్ధానికి ముందు ఏటా 30 లక్షల టన్నుల వరకు సాగిన బియ్యం ఎగుమతి 1960ల చివరకు 10 లక్షలకు దిగువకు జారింది. దీనికంతకూ వలసదారుల నిష్క్రమణే కారణమనడం అతిశయోక్తి. రైతుకు సర్కారు ఇచ్చిన తక్కువ ధర ముఖ్యకారణం. కాని వర్తకపు అనుభవమూ అప్పుపుట్టే దారులూ మనుషులతో పాటే ఓడలెక్కాయి. వాటి స్థానంలో ప్రభుత్వ దుకాణాల ముందు వరుసలు వెలిశాయి.

ఆ ఓడలు మద్రాసులోనూ విశాఖపట్నంలోనూ ఆగాయి. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. దిగినవారిలో పలువురు పుట్టినది రంగూనులోనే. పిల్లలకు తెలుగు కంటే బర్మీయ భాషే దగ్గర. సర్కారు కాగితాలలో మాత్రం వారంతా స్వదేశానికి తిరిగివచ్చినవారిగా నమోదయ్యారు.