పాత మోటరు

హిందూపురంలో మా ఇంటి షవర్ పంపు పదకొండేళ్లు పనిచేసి పోయిన నెల ఆగిపోయింది. మిద్దె మీది ట్యాంకు షవర్ కంటే రెండు మీటర్లే ఎత్తు. పది మీటర్లకు ఒక బార్ లెక్కన మాకు దక్కే ఒత్తిడి అందులో ఐదో వంతు. పంపు లేకపోతే నీళ్లు పడవు, కారతాయి.

ప్లంబర్ కొత్తది బిగించి, పాతదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "పారేయొద్దన్నా. వైండింగ్ చేయిస్తే నడుస్తాది. వీధి కొళాయి పైపుకు తగిలిస్తా, నీళ్లు సర్రున వస్తాయి."

"తప్పు కదప్పా?"

"వీధిలో అందురూ పెట్టుకుండారు. నువ్వు పెట్టకుంటే నీకే రావు."

ధర్మవరంలోని మా చెల్లెలికి ఫోన్ చేస్తే, "మేం పెట్టి నాలుగేళ్లాయె" అని నవ్వింది.

పంపు నీళ్లను పుట్టించదు. ట్యాంకుకు పెడితే నా నీళ్లనే నాకు తొందరగా ఇస్తుంది. కొళాయికి పెడితే వీధి చివరి ఇంట్లో బిందె నిండదు. పైగా పైపులో ఒత్తిడి పడిపోతే, కారే జాయింట్ల గుండా మురుగు లోపలికి వస్తుంది. మోటరు అదే, స్విచ్ అదే. పైపుకు అవతల ఎవరున్నారన్నదే తేడా.

అయితే నీళ్లు లాగడమే తప్పా? అలాగైతే మా సీమంతా తప్పే. శ్రీశైలం జలాశయం నీళ్లను మల్యాల దగ్గర మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎత్తిపోస్తేనే హంద్రీ-నీవా పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా వచ్చింది. అంతకు చాలా ముందు, 1388 నాటి శాసనం ఒకటుంది. పెనుకొండలో ఉన్న రాకుమారుడు బుక్కరాయలు, జలసూత్రం తెలిసిన సింగయభట్టును పిలిచి పెన్న నీళ్లను ఊరికి తెమ్మన్నాడని అందులో ఉంది. నీళ్లు మళ్లించినవాళ్లు ఆ సంగతి రాతి మీద చెక్కించారు. నచ్చనివాడు నిలదీయడానికైనా ఎదురుగా ఒక పేరుంది. మా వీధిలో మోటర్లు మాత్రం తెల్లవారుజామున, లైటు వేయకుండా ఆన్ అవుతాయి.

ఇతరుల హక్కును తాకే పని బయటికి చెప్పుకోలేనిదైతే అది అన్యాయమేనని కాంట్ 1795లో రాశాడు. "అందరికీ తెలిసిందే కదా" అని ప్లంబర్ జవాబు చెప్పొచ్చు. నిజమే, అందరికీ తెలుసు. కానీ తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. చివరి ఇంటివాళ్లను ఎవరూ అడగలేదు.

నేను పెట్టించలేదు. దీన్ని గొప్పగా చెప్పుకోలేను. కొళాయి రాని రోజు ట్యాంకర్‌కు డబ్బులివ్వగలను. ఆ స్తోమత లేనివాడు మోటరు పెట్టుకుంటే, నా నీతితో అతన్ని కొలవడం నాకు చేతకాదు. అతను లాగుతున్నదీ తనలాంటివాడి బిందెలోంచే అన్నది మాత్రం మింగుడుపడదు.

మొన్న పాత సామాన్లు కొనేవాడు వచ్చి పంపు చూసి, "నడుస్తాదా సార్?" అన్నాడు. నడవదంటే ఇనుము ధర. నడుస్తుందంటే ఇంకెవరో కొంటారు, ఇంకో కొళాయికి బిగిస్తారు.

అది ఇంకా మెట్ల కిందే ఉంది.