ఆషాఢం పని

బెజవాడ సింగ్‌నగర్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. కింది వాటాలో అన్న, పై వాటాలో తమ్ముడు. ఇద్దరిదీ కంప్యూటరు పనే, ఇద్దరికీ ఇల్లే దుకాణం. అన్న డీటీపీ చేసేవాడు. శుభలేఖలు, కరపత్రాలు, రిటైరైన మాస్టార్లు సొంత ఖర్చుతో వేయించుకునే పుస్తకాలు అతని దగ్గరికి వచ్చేవి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టి, బటర్ పేపరు మీద ప్రింటు తీసి, గాంధీనగర్‌లోని ప్రెస్సుకు పంపేవాడు. తమ్ముడు ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాడు.

ఏ కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినా తమ్ముడికి వారం తిరిగేలోగా కావాలి. అన్నకేమో నడుస్తున్నదాన్ని కదపడమంటే ఒళ్లు మంట. స్వభావాలు అలాంటివి. దానికి ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

2014 ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. అన్న కంప్యూటరులో ఉన్నది అదే. మర్నాడు పొద్దున్నే స్విచ్చి వేస్తే కంప్యూటరు ఎప్పటిలాగే లేచింది. అన్నకు నవ్వొచ్చింది. మద్దతు ఆగడమంటే కంప్యూటరు ఆగిపోవడం కాదు. ఆ రోజు నుంచి బయటపడే లోపాలను సరిచేసి పంపేవాళ్లు ఉండరు, అంతే. లోపం కంటికి కనబడదు గనుక ఏమీ జరగలేదనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ సీపీయూ దానంతటదే పాడైతే, విండోస్ 7 ఉన్న సెకండ్‌హ్యాండ్‌ది ఒకటి కొని, పాత డిస్కు దానికి తగిలించి, మళ్లీ పనిలో పడ్డాడు.

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. 7 గానీ 8.1 గానీ ఉన్నవాళ్లకు ఏడాదిపాటు ఉచితమన్నారు. తమ్ముడు వెంటనే ఎక్కించేశాడు. అతని ప్రింటరు కొత్తది, ప్రోగ్రాములు కొత్తవి, దేనికీ ఇబ్బంది రాలేదు. తనకు సాఫీగా జరిగింది కనుక ఎవరికైనా అలాగే జరుగుతుందని మనసులో ముద్ర వేసుకున్నాడు.

ఏడాది గడిచింది. ఉచితం గడువు 2016 జులై 29తో అయిపోతుంది. కృష్ణా పుష్కరాలు ఆగస్టు 12న మొదలవుతాయి. ఆ రెండు తేదీల మధ్య రెండు వారాలే ఉన్నాయి. బెజవాడలో అచ్చుపని చేసే ఏ ఇంట్లోనూ ఆ రోజుల్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఘాట్ల వివరాల కరపత్రాలు, స్నాన సంకల్పం పుస్తకాలు, అన్నదాన సంఘాల రసీదు పుస్తకాలు, స్వాగతాల ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. అన్న రాత్రి రెండింటి దాకా పేజీలు కట్టి, కుర్చీలోనే కునికి, మళ్లీ లేచేవాడు.

తమ్ముడి ధ్యాస మాత్రం గడువు మీద ఉంది. ఉచితంగా వచ్చేది అన్న పోగొట్టుకుంటాడేమోనని అతని దిగులు. ఇరవై ఎనిమిదో తేదీ రాత్రి అన్న గాఢనిద్రలో ఉండగా కిందికి దిగి, మేలు చేస్తున్నాననుకుని విండోస్ 10 ఎక్కించి, పడుకోవడానికి పైకి వెళ్లాడు. ఆ గడువు దాటిన తరువాత కూడా 7 కీతో 10 ఏళ్ల తరబడి పడుతూనే వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసింది 2023లో. ఆ రాత్రి మాత్రం తెల్లారితే అంతా అయిపోతుందన్నట్టే అతను తొందరపడ్డాడు.

తెల్లారింది. అన్న పాత లేజర్ ప్రింటరుకు కొత్త సిస్టంలో డ్రైవరు దొరకలేదు. తెలుగు కొట్టే పాత ప్రోగ్రాం మొరాయించింది. అంతకు ముందు కట్టిన పుస్తకాలు తెరిస్తే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, కామాలు కలగాపులగంగా కనబడ్డాయి. వెనక్కి వెళ్లే దారి ఆ విండోస్‌లోనే ఉంది. అప్పట్లో నెల రోజుల గడువు ఇచ్చారు, తరువాత దాన్ని పది రోజులకు కుదించారు. అన్న ఆ దారినే పట్టి పాత 7కి వచ్చేశాడు. కానీ ఈలోగా సంకల్పం పుస్తకాల పని గవర్నర్‌పేటలో ఇంకొకరికి వెళ్లిపోయింది. అన్నదమ్ములు పుష్కరాలు అయ్యేదాకా మాట్లాడుకోలేదు.

ఆ రోజుతో అన్న ఒట్టు పెట్టుకున్నాడు. అప్‌డేట్లు ఆపేశాడు. నెట్ తీగ పీకి చుట్టచుట్టి అటక మీద పడేశాడు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ లోకమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు మార్చిలోనే అప్‌డేటుగా వచ్చి ఉంది. వేసుకోనివాళ్లకే ఎక్కువ దెబ్బ తగిలింది. అన్న కూడా వేసుకోలేదు. అయినా ఆ వైరస్ నెట్‌వర్కు మీదుగా పాకేది గనుక అన్న కంప్యూటరు జోలికి రాలేదు. తన పద్ధతే సరైనదని అతనికి రుజువు దొరికినట్టయింది. గిరాకీదార్లు తెచ్చే పెన్‌డ్రైవులు మాత్రం రోజూ అదే కంప్యూటరులో దూరుతూనే ఉన్నాయి.

2020 జనవరి 14తో విండోస్ 7కీ మద్దతు పోయింది. అది భోగి రోజు. వీధిలో అందరూ పాత సామాన్లు మంటలో వేస్తుంటే అన్న తలుపు దగ్గరగా వేసుకుని శుభలేఖ ప్రూఫు చూసుకుంటున్నాడు.

ఇంతసేపూ వదిన సంగతి చెప్పలేదు. కింది వాటాలో టైపు చేసేది ఆవిడే. తెలుగు కొట్టే ఆపిల్ కీబోర్డు వరస ఆవిడ వేళ్లకు నోటిపాఠం. పుష్కరాల ముందు ఆ పొద్దున మగవాళ్లిద్దరూ ప్రింటరు గురించి కేకలు వేసుకుంటుంటే ఆవిడ తెర మీది గజిబిజినే చూస్తూ నిలబడింది. అది అవనిగడ్డ వైపు ఒక మాస్టారు రాసిన పుస్తకం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెనలో బతికి బయటపడ్డవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కుల్లో రాసుకొచ్చాడు. ఆ నోటుబుక్కులన్నీ ఆవిడే కొట్టింది. అదంతా ఇప్పుడు ఏ భాషా కాకుండా పోయి కనబడింది.

పాత పద్ధతి ఫాంట్లలో జరిగేది ఇదే. కంప్యూటరు లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు లేకపోతే తెలుగు లేదు. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంటుంది, ఏ తెలుగు యూనికోడ్ ఫాంటుతో తెరిచినా తెలుగుగానే కనబడుతుంది. ఆవిడకు ఈ లెక్కంతా తెలియకపోవచ్చు. అక్షరాలు ఆ ఒక్క పెట్టెకు, ఆ ఒక్క ప్రోగ్రాముకు కట్టుబడి ఉన్నాయన్నది మాత్రం అర్థమైంది.

ఆవిడ పుట్టిల్లు పామర్రు దగ్గర. ప్రకాశం బ్యారేజీ నీళ్లతో పండే ఊరు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే తూములు, లాకులు బాగుచేస్తారనీ, నీళ్లు పారుతున్నప్పుడు ఎవరూ చెయ్యి పెట్టరనీ చిన్నప్పటి నుంచి చూసింది. డీటీపీకి అలాంటి కాలం ఆషాఢం. ముహూర్తాలు ఉండవు, శుభలేఖలు ఉండవు, మధ్యాహ్నాలు ఖాళీ. 2017 ఆషాఢంలో ఆవిడ ఒక పని మొదలుపెట్టింది. పాత పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాముతో మార్చింది. మార్చాక ఒత్తులు జారిపోయేవి, సున్నాలు ఎగిరిపోయేవి, ఒక్కోచోట పదం తలకిందులయ్యేది. అందుకని ప్రింటు పక్కన పెట్టుకుని వరస వరసా సరిచూసింది. ఉప్పెన పుస్తకమొక్కటే రెండు ఆషాఢాలు తిన్నది. అయినవాటిని రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి బీరువాలో ఉంచి, రెండోది తెనాలిలో చెల్లెలి ఇంటికి పంపింది. ఏడాదికోసారి తెప్పించి, కొత్తవి చేర్చి, తిప్పి పంపేది. భర్త దీన్ని పనిలేని పని అనుకున్నాడు. మరిది నవ్వాడు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. అటు కృష్ణలో వరద పెరిగి, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు గుమ్మం దాటుతుంటే అన్న మొదట బియ్యం బస్తా, గ్యాసు సిలిండరు, దస్తావేజులు పైకి చేర్చాడు. తరువాత పాత లేజర్ ప్రింటరు మోసుకెళ్లాడు. ఎనిమిదేళ్ల కింద ఎంత గొడవకు కారణమైందో, అంత ప్రేమగా కాపాడుకొచ్చిన ప్రింటరు అది. మళ్లీ దిగేసరికి బల్ల కిందున్న సీపీయూ కనబడలేదు, నీళ్లే ఉన్నాయి. బీరువాలో డిస్కు కూడా తడిసింది. రోజుల తరబడి ఇల్లంతా పై వాటాలోనే ఉంది. పడవల్లో, డ్రోన్లలో వచ్చిన పొట్లాలు తింటూ అన్న ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

నీళ్లు తీశాక సీపీయూ విప్పితే లోపలంతా బురద. బాగుచేసేవాళ్లు పెదవి విరిచారు. ఈ కంప్యూటరు మార్చాలా వద్దా అని ఎనిమిదేళ్లు నడిచిన వాదాన్ని బుడమేరు ఒక్క పూటలో తేల్చేసింది.

వదిన తెనాలికి ఫోను చేసింది. డిస్కు వచ్చింది. పై వాటాలో తమ్ముడి కంప్యూటరుకు తగిలిస్తే పుస్తకాలన్నీ తెలుగులోనే తెరుచుకున్నాయి. ఉప్పెన పుస్తకంలో ఒక్క పేరూ చెదరలేదు. ఆ ఏడాది ఆషాఢం తరువాత కట్టిన శుభలేఖలు మాత్రం పోయాయి. వాటిని పెళ్లివారి దగ్గర అచ్చు కార్డులు అడిగి తెచ్చి మళ్లీ కొట్టింది.

మరుసటి ఏడు తమ్ముడి వంతు వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగుతుందన్నారు. ఎప్పుడూ ముందుండే తమ్ముడు ఈసారీ ముందే 11 ఎక్కించబోయాడు. కంప్యూటరు కుదరదంది. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరానిదో ఆ పైదో ఉండాలి. అతనిది అంతకన్నా పాతది. అతను అప్పటికప్పుడు అప్పు చేసి అన్నీ కొత్తవి కొనేద్దామన్నాడు. అన్న ఇంకేమీ ముట్టుకోవద్దన్నాడు. వరద తరువాత కూడా ఇద్దరి స్వభావాలూ అక్కడే ఉన్నాయి.

వదిన ఆషాఢం దాకా ఆగమంది. జూన్ ఆఖరున ఆషాఢం రాగానే ఇంట్లో కంప్యూటరుతో నిజంగా జరిగే పనులన్నీ ఒక కాగితం మీద రాసింది. పుస్తకాలు, శుభలేఖలు, ఫ్లెక్సీలు, బ్యాంకు, జీఎస్‌టీ, ప్రింటరు. తెలిసినవాళ్ల దగ్గర విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాపు నాలుగు రోజులకు అడిగి తెచ్చి, ఒక్కో పనీ దాని మీద చేసి చూసింది. పుస్తకాలు సాఫీగా నడిచాయి. పాత ప్రింటరు నడవలేదు. ఫ్లెక్సీలకు తమ్ముడి పాత కంప్యూటరే హాయిగా ఉంది. దాంతో కింది వాటాకు 11 ఉన్నది ఒకటి కొన్నారు. బ్యాంకు, పన్నులు, పుస్తకాలు దాని మీదికి మార్చారు. తమ్ముడి కంప్యూటరును మార్చలేదు. భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వచ్చే పొడిగింపులో దాన్ని చేర్పించి, ఫ్లెక్సీలకే ఉంచారు. ప్రింటరును అన్న అమ్మలేదు. కొత్తది కొని దాని పక్కన పెట్టుకున్నాడు. శ్రావణం వచ్చేసరికి పెళ్లిపనులు మొదలయ్యాయి, ఒక్క కార్డూ ఆలస్యం కాలేదు.

ఇక నీతి. తమ్ముడు ఉత్సాహాన్ని, అన్న భయాన్ని అడిగి జవాబు తెచ్చుకున్నారు. వదిన మాత్రం ఆ పెట్టెలో ఏముంది, అది బయటికి వస్తుందా అని ముందు చూసుకుంది. తన పనిని తీరిక కాలంలో ఒక యంత్రం నుంచి విడదీసి, ఇంకో ఊళ్లో నకలు దాచుకున్నది గనుకనే, ఒక కంప్యూటరు మార్చడమూ ఇంకొకటి ఉంచుకోవడమూ ఆవిడ చేతిలో పని అయింది. అలా విడదీయనివాళ్లకు గడువు తేదీయో వరద నీరో వచ్చి ఆ నిర్ణయం చేసిపెడుతుంది.