టైపు అభ్యాసం – నియమం, శ్రద్ధ, బాధ్యత: ఒక తాత్త్విక పరిశీలన

ప్రవేశిక

విద్యను గురించిన తాత్త్విక చర్చ సాధారణంగా శాస్త్రాలనో, కావ్యాలనో, సంగీతాది కళలనో ఉదాహరణగా తీసుకొంటుంది. పొట్టకూటి కోసం నేర్చుకొనే చేతిపనులు ఆ చర్చలోకి అరుదుగా వస్తాయి. టైపు నేర్చుకోవడం అటువంటి పని. అయితే టైపు శిక్షణలో మొదటిరోజే ఎదురయ్యే ఒక ఇబ్బంది విద్యాస్వరూపాన్ని గురించిన మౌలికమైన ప్రశ్నను ముందుంచుతుంది.

నాంపల్లిలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూటుకు వచ్చిన అభ్యాసకుణ్ణి ఊహించవచ్చు. అతడు అప్పటికే రెండు చూపుడువేళ్లతో, మీటలను చూసుకొంటూ, నిమిషానికి 25 పదాలు కొట్టగలడు. శిక్షకుడు అతనికి కాగితం ఎక్కించి, ఎడమచేతి నాలుగువేళ్లను ఎ, ఎస్, డి, ఎఫ్ మీటలమీద, కుడిచేతి నాలుగువేళ్లను జె, కె, ఎల్, సెమికోలన్ మీటలమీద ఉంచమంటాడు. బొటనవేలు ఖాళీ మీటకే పరిమితం. చూపు కిందికి దిగరాదు. తరతరాల అభ్యాసకులకు పరిచితమైన ‘ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె’ అనే వరుసను పుటలకొద్దీ కొట్టమంటాడు. మొన్నటివరకు అర్జీ రాయగలిగిన మనిషి ఈ రోజు ఒక మాటైనా తప్పులేకుండా రాయలేడు. చేతనైన పనిని విడిచి చేతకాని స్థితికి దిగమని ఒకరిని కోరడం న్యాయమేనా? న్యాయమైతే అది ఏ ప్రయోజనం కోసం? ఈ రెండు ప్రశ్నల పరిశీలనే ఈ వ్యాసవిషయం.

స్థలనేపథ్యం

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో టైపు శిక్షణ వేళ్లూనుకోవడం యాదృచ్ఛికం కాదు. 1907లో ఏర్పడిన నాంపల్లి రైల్వేస్టేషను జిల్లాలనుంచి వచ్చేవారికి నగరద్వారం. జిల్లా కలెక్టరేటు, క్రిమినల్ కోర్టులు, పబ్లిక్ సర్వీస్ కమిషను, పెద్ద తపాలా కార్యాలయం ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. ఉద్యోగార్థి, అర్జీదారు, గుమాస్తా ఒకే వీధిలో ఎదురుపడే చోటు ఇది. సాంకేతిక విద్యా శిక్షణా మండలి నిర్వహించే పరీక్షల్లో ఇంగ్లీషు లోయరుకు నిమిషానికి 30 పదాలు, హయ్యరుకు 45 పదాలు ప్రమాణం. ఆ ధ్రువపత్రం టైపిస్టు, కాపీయిస్టు వంటి కొలువులకు అర్హత. 1966 నాటి అధికార భాషా చట్టం తరువాత తెలుగు టైపు తెలిసినవారి అవసరమూ పాలనలో పెరిగింది. పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం, తిలక్ రోడ్డులో 1943 నాటి సారస్వత పరిషత్తు కూడా ఈ చుట్టుపక్కలే ఉండటంవల్ల గుమాస్తా విద్య, సారస్వత విద్య ఇక్కడ ఇరుగుపొరుగుగా సాగాయి. ఈ వ్యాసం ఆ రెంటినీ కలిపి చూస్తుంది.

వేగవాదం, దాని పరిమితి

పదివేళ్ల పద్ధతిని సమర్థించేవారు సాధారణంగా చెప్పే కారణం వేగం. ఈ వాదానికి చరిత్ర ఉంది. రెమింగ్టన్ సంస్థ 1874లో టైపురైటరును విక్రయానికి తెచ్చినప్పుడు దానిని ఏ వేళ్లతో కొట్టాలో చెప్పే స్థిరమైన సంప్రదాయం లేదు. 1888 జూలైలో అమెరికాలోని సిన్సినాటిలో ఫ్రాంక్ మెక్‌గురిన్ అనే కోర్టు లఘులేఖకుడు మీటలను చూడకుండా కొట్టి, చూసి కొట్టే లూయీ ట్రాబ్‌ను పందెంలో ఓడించాడు. చూడకుండా కొట్టడమే మేలైన మార్గమన్న అభిప్రాయానికి ఆ పందెం గొప్ప ప్రచారం కల్పించింది.

అయితే ఆ విజయం నిరూపించింది ఎంత? పందెంలో ఇద్దరి యంత్రాలూ వేరు, మీటల అమరికలూ వేరు. పైగా ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించిన పరిశీలనలో, సొంతంగా నేర్చుకొని తక్కువ వేళ్లతో కొట్టేవారిలో కొందరు పదివేళ్లవారితో సమానమైన వేగాన్ని అందుకొన్నట్లు తేలింది. కేవలం వేళ్ల సంఖ్య వేగాన్ని నిర్ణయించదు. కనుక వేగమే ప్రయోజనమైతే, నాంపల్లి అభ్యాసకుడు తన రెండువేళ్ల పద్ధతినే మెరుగుపరచుకొంటానని అనవచ్చు. ఆ వాదాన్ని కొట్టివేయడం సులభం కాదు.

అదే పరిశీలనలో మరొక అంశం ఉంది. శిక్షణ పొందినవారి చూపు మీటలమీద తక్కువగానూ, శిక్షణ లేనివారి చూపు మీటలమీద ఎక్కువగానూ నిలిచింది. ఇద్దరి నడుమ నిలకడగా కనిపించిన భేదం చూపుకు సంబంధించినది. వేళ్ల నియమానికి సమర్థన ఉంటే దానిని ఇక్కడ వెదకాలి.

చేతికి తెలిసిన విద్య

టైపు తెలిసిన వ్యక్తి మీటల స్థానాలను నోటితో చెప్పలేకపోయినా వేళ్లతో చూపగలడని ఫ్రెంచి తాత్త్వికుడు మెర్లో-పాంటీ 1945లో ప్రకటించిన ‘ప్రత్యక్షజ్ఞాన ప్రతిభాసశాస్త్రం’లో గుర్తించాడు. అది మనసులో దాచుకొన్న పటం కాదనీ, చేతులలో ఉన్న జ్ఞానమనీ అతని అభిప్రాయం. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ మనస్తత్త్వవేత్తలు 2013లో వెలువరించిన పరిశోధన దీనికి బలమిచ్చింది. నేర్పుగల టైపిస్టులకు ఖాళీ కీబోర్డు పటమిచ్చి అక్షరాలు నింపమంటే, వారు సగటున 15 అక్షరాలనే సరైన చోట ఉంచగలిగారు. వేళ్లు నిత్యం తప్పులేకుండా వెళ్లే చోటును బుద్ధి చెప్పలేకపోయింది.

దీనినుంచి ఒక నైతికసమస్య పుడుతుంది. ఇటువంటి విద్య విలువను నేర్వకముందు తెలుసుకొనే మార్గం లేదు. సిద్ధాంతాన్ని వినగానే తర్కంతో పరీక్షించవచ్చు. చేతివిద్యను అభ్యాసం పండిన తరువాతనే పరీక్షించగలరు. కనుక మొదటి నెలల్లో అభ్యాసకుడు శిక్షకుణ్ణి నమ్మక తప్పదు. భారతీయ సంప్రదాయం ఈ నమ్మకాన్ని ‘శ్రద్ధ’ అన్నది. శ్రద్ధ అంధవిశ్వాసం కాదు. ఫలం కనబడేంతవరకు తీర్పును వాయిదా వేయడం. పతంజలి యోగసూత్రాలలో అభ్యాసానికి చెప్పిన మూడు లక్షణాలు – దీర్ఘకాలం, ఎడతెగనితనం, ఆదరం – ఇక్కడ అన్వయిస్తాయి. మొదటి రెంటినీ ఇన్‌స్టిట్యూటు దినచర్య బలవంతంగానైనా సమకూర్చగలదు. మూడవది అభ్యాసకుని లోపలినుంచి రావలసినది.

శ్రద్ధను కోరేవానికీ బాధ్యత ఉంటుంది. తాను కోరుతున్న కష్టం దేనికో శిక్షకుడు చెప్పగలగాలి. చెప్పిన ఫలం కొంతకాలానికి అనుభవానికి రావాలి. ‘పరీక్షలో అలా అడుగుతారు’ అన్న సమాధానం అధికారాన్ని తెలుపుతుందేగాని కారణాన్ని తెలుపదు.

లేఖకుని చూపు

ఆ కారణాన్ని గుర్తించడానికి తెలుగువారి లేఖనచరిత్ర ఉపకరిస్తుంది. తాళపత్రంమీద గంటంతో రాసేటప్పుడు అక్షరం నల్లగా కనబడదు. గీతలో మసి పట్టించిన తరువాతనే అది స్పష్టమవుతుంది. కుడిచేయి గంటాన్ని నడిపితే ఎడమచేతి బొటనవేలు దానికి ఊతమిస్తుంది. అంటే వ్రాయసకాడు రూపం పూర్తిగా తేలకముందే చేతిని నమ్మి రాసేవాడు. ప్రతుల చివర లేఖకులు చేర్చిన పరిచిత శ్లోకాల్లో రెండు భావాలు తరచు కనిపిస్తాయి. వీపు, మెడ వంగి, చూపు నిలిపి కష్టపడి రాసిన ఈ గ్రంథాన్ని కాపాడుమన్నది ఒకటి. మూలంలో చూసినట్లే రాశాను, దోషం నాది కాదన్నది రెండవది. మొదటిది శ్రమను, రెండవది బాధ్యతాపరిమితిని చెబుతున్నాయి. రెండింటికీ ఆధారం ‘చూపు మూలంమీద ఉంది’ అన్న హామీయే.

కోర్టు ఆవరణవద్ద అర్జీ టైపుచేసే వ్యక్తికీ ఇదే అన్వయిస్తుంది. అతని పక్కన చేతిరాత కాగితం ఉంటుంది. అందులో ఒక సర్వే నంబరు, ఒక తేదీ, ఒక తండ్రిపేరు ఉంటాయి. చూపు మీటలకూ కాగితానికీ నడుమ మాటిమాటికీ తిరుగుతుంటే, తిరిగివచ్చిన ప్రతిసారీ పంక్తిలో స్థానం వెదుక్కోవాలి. ఒకే మాటతో మొదలయ్యే రెండు పంక్తులుంటే నడుమ పంక్తి జారిపోతుంది. ప్రాచీనప్రతులను పరిష్కరించేవారికి ఈ లోపం బాగా తెలిసినదే. కార్బను కాగితాలు పెట్టి కొట్టినప్పుడు ఒక తప్పు అన్ని ప్రతుల్లోనూ తప్పే. అంకె మారితే నష్టపోయేది టైపు చేసినవాడు కాదు, ఆ అర్జీ ఎవరిదో వారు. వేళ్లకు స్థానాలు నేర్పడం అందువల్ల పరులపట్ల చెల్లించే బాధ్యత అవుతుంది. చేతిమీద పెట్టవలసిన ఎరుకను ఎదుటివారి మాటమీదికి మళ్లించడమే ఈ నియమానికి ప్రయోజనం.

ఆక్షేపాలు

దీనిపై రెండు ఆక్షేపాలు రావచ్చు. మొదటిది: అలవాటు మనిషిని యంత్రంగా మారుస్తుంది, వేళ్లు తమంతట తాము పనిచేస్తున్నప్పుడు మనసు అర్థాన్ని వదిలి విహరిస్తుంది. ఈ ఆక్షేపం నిజమే. ఏ మాట కొట్టాడో తెలియకుండా పుటలు నింపే టైపిస్టు ఉండగలడు. నియమం చూపును విడిపిస్తుందేగాని, విడిపించిన చూపు ఎటు పోవాలో నిర్ణయించదు. సద్గుణాలు ఆచరణవల్లనే అలవడతాయన్న అరిస్టాటిల్ కూడా వట్టి అలవాటును సద్గుణమనలేదు. తెలిసి, ఎంచుకొని చేయడం అవసరమన్నాడు. టైపు అభ్యాసానికీ అదే పరిమితి. అది బాధ్యతకు వీలు కల్పిస్తుంది. బాధ్యతకు బదులుగా నిలువదు.

రెండవది: అందరి చేతులూ ఒకటి కావు. వేలు లేనివారు, కీళ్లనొప్పులవారు, ఒంటిచేతివారు ఈ స్థానాలను పాటించలేరు. ప్రయోజనం చూపును విడిపించడమే అయితే, ఐదువేళ్లతో చూడకుండా కొట్టడం నేర్చినవాడు నియమాన్ని నెరవేర్చినట్లే. నియమంకోసం అతణ్ణి తప్పుపట్టడం సాధనాన్ని సాధ్యంగా భ్రమించడమవుతుంది.

తెలుగు రచనకు అన్వయం

ఈ చర్చ తెలుగుశాఖలకు దూరమైనది కాదు. సిద్ధాంతగ్రంథాన్ని చేతితో రాసి డీటీపీకి ఇవ్వడం చాలాకాలం ఆనవాయితీ. నేడు పరిశోధకుడే కంప్యూటరుముందు కూర్చుంటున్నాడు. ఎక్కువమంది రోమను అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించే లిప్యంతర పద్ధతిని వాడుతున్నారు. దీనివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. ప్రత్యేకశిక్షణ లేకుండానే వేలాదిమంది తెలుగు రాయగలిగారు. దానిని భాషాద్రోహమనడం అన్యాయం.

అయినా వేలికి నేర్పుతున్నది ఏమిటో గమనించాలి. రోమనులో ‘భ’ ఒక వర్ణం కాదు, ‘బి’, ‘హెచ్’ అనే రెండు దెబ్బలు. ప్రచారంలో ఉన్న పద్ధతుల్లో త, ట అనేవి ఒకే అక్షరానికి చిన్న, పెద్ద రూపాలు. వర్ణమాలలో అవి వేరువేరు వర్గాలకు చెందినవి. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ విభాగం ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ప్రధానంగా కుడిచేతికి వస్తాయి. అల్పప్రాణానికీ దాని మహాప్రాణానికీ మీట ఒకటే. షిఫ్టు మాత్రమే భేదం. కుడిచేతి మధ్యవరుసలో ప, ర, క, త, చ, ట ఉంటాయి. ప, క, త, చ, ట – ఐదు పరుషాలూ వేళ్ల విశ్రాంతి వరుసలోనే ఉన్నాయి. వాటికి నేరుగా పైవరుసలో బ, గ, ద, జ, డ ఉన్నాయి. ఏ పరుషాన్ని కొట్టే వేలు కాస్త పైకి జరిగినా దాని సరళాన్నే తాకుతుంది. సరళాదేశ సంధి చదివినవానికి ఈ కదలిక కొత్తది కాదు. ‘భక్తి’ రాయాలంటే భ, క, పొల్లు, త, గుడి వరుసగా కొట్టాలి. సంయుక్తాక్షర నిర్మాణాన్ని వేళ్లు అనుసరించవలసి వస్తుంది.

ఈ అమరిక తెలుగుకోసమే చేసినది కాదు. భారతీయలిపులన్నింటికీ ఉమ్మడిగా రూపొందినది. వర్ణమాల శాస్త్రీయత అందులో నిలిచినందువల్లనే ఈ పోలికలు ఏర్పడ్డాయి. దానిని నేర్వడం తెలుగు పరిశోధకుని విధి అనలేము. కాని లిప్యంతరంలో రచయిత దృష్టి ఒక అదనపు పనికి కట్టుబడి ఉంటుంది: మాటను ముందు రోమనులోకి విడగొట్టాలి, వచ్చిన తెలుగురూపం సరైనదో కాదో పదేపదే సరిచూడాలి. మీటలను చూడటం అర్జీదారుని అంకెనుంచి టైపిస్టు చూపును మళ్లించినట్లే, ఈ పని రచయిత ఎరుకను వాక్యంనుంచి మళ్లిస్తుంది. భాషనే పరిశోధించేవారు ఆ మూల్యాన్ని తెలిసి చెల్లిస్తున్నారా, తెలియకనా అన్నది ఆలోచించదగిన విషయం.

ముగింపు

నాంపల్లి అభ్యాసకుణ్ణి మళ్లీ మొదటినుంచి నేర్చుకోమనడం వేగంపేరుతో సమర్థనీయం కాదు; ఆ వేగం అతనికి వేరే దారిలోనూ దొరకవచ్చు. పరీక్షపేరుతో సమర్థిస్తే అది విధేయతను కోరడమే. ఇతరులు నమ్మి అప్పగించిన కాగితంమీద చూపు నిలపగలిగే స్థితికి అతణ్ణి చేర్చడం కోసమైతే, కొన్ని నెలల చేతకానితనాన్ని భరించమని కోరడం న్యాయం. ఆ మాటను మొదటిరోజే అతనికి చెప్పడం శిక్షకుని ధర్మం. తెలుగు రాతకు పూనుకొన్న విద్యార్థికి ఏ పద్ధతి నేర్పినా, దాని కారణాన్ని అదేవిధంగా చెప్పడం తెలుగుశాఖల ధర్మం.