గార్గి యను పేరు
వంగదేశమున వినబడు గార్గి యను పేరు తెలుగునాట అరుదు. ఇది రూపమునుగాని గుణమునుగాని పొగడదు. గర్గవంశమున జనించినదని మాత్రమే దీని యర్థము. వచక్నుని కూతురగుటచే ఆమె వాచక్నవి. కాని బృహదారణ్యకము మూడవ అధ్యాయము చదివినవారికి ఈ రెండక్షరములు వేఱుగ ధ్వనించును.

జనకుని సభలో ఆమె యాజ్ఞవల్క్యుని ప్రశ్నించుచు బ్రహ్మలోకముల వఱకు పోయెను. ఇంకను అడిగినచో శిరస్సు రాలునని ముని వారింప, మౌనము వహించెను. ఆ మౌనము ఓటమి కాదు. మరల లేచి, బాణములవంటి రెండు ప్రశ్నలతో నిలిచెను. కూతురికి ఈ పేరిడి, ఆమె ప్రశ్నించినంతనే కసరుకొను తండ్రి ఇచట నిలిచి చూడవలెను: వారించిన మునియే అడుగుమనెను! అక్షరబ్రహ్మోపదేశము ఆ ప్రశ్నలకు ప్రత్యుత్తరముగా వెలువడినదే. ఆశ్వలాయన గృహ్యసూత్రము నిత్యతర్పణము నందుకొను ఆచార్యుల నడుమ గార్గీ వాచక్నవిని పేర్కొన్నది.