టీకా, తాత్పర్యం

టీకా అంటే జనం జంకుతారనీ, దానికి కారణం వాళ్ళ అజ్ఞానమేననీ చదువుకున్నవాళ్ళం సులువుగా తేల్చేస్తాం. ఈ తీర్పు ఎంతవరకు న్యాయం? ఖమ్మం జిల్లా ఉదంతాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచిద్దాం.

2009లో ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్రప్రభుత్వం కలిసి నడిపిన పథకమది. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇటువంటిదే నడిచింది. టీకా పొందిన పిల్లల్లో రెండుచోట్లా కలిపి ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో పథకాన్ని ఆపివేశారు.

విచారణ జరిగింది. ఖమ్మం పిల్లల్లో ఒకరు నీళ్ళలో మునిగి, ఒకరు పాము కరచి, ఇద్దరు పురుగుమందు తాగి పోయారని తేలింది. ఈ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడలేదన్నారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. అంతమాత్రాన కాకే రాల్చిందనలేం గదా!

అయితే, కథ ఇంతటితో సరి అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి. ఆంధ్రలోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు; 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు! వేలిముద్ర వేయడం నేరం కాదు. చదువురాని తల్లికీ విని, అడిగి, కాదనే హక్కుంది. కాని వినిపించిందెవరు? మా తెలుగు పాఠాల్లో టీకా అంటే మాటకు అర్థం విప్పి చెప్పడం. ఆ తల్లులకు కరువైంది ఈ టీకాయే. వార్డెను తండ్రి ఎట్లా అవుతాడు?

దుష్ఫలితాలను నమోదు చేసే ఏర్పాటు కూడా సరిగా లేదని ఆ నివేదికే తప్పుపట్టింది. ఇది చిన్న లోపం కాదు. పసిపిల్లల విరేచనాలకు అమెరికాలో 1998లో రోటాషీల్డ్ అనే టీకా వచ్చింది. కొందరు బిడ్డలకు పేగులో పేగు చొచ్చుకుపోతున్నదని మరుసటి ఏడే పసిగట్టి దాన్ని మానిపించారు. దాదాపు పదివేలమందిలో ఒకరికి వచ్చే కీడు అది. లెక్కపెట్టారు గనుక దొరికింది. లెక్కపెట్టేవాడు నిర్దోషి అంటే నమ్మవచ్చు. ఖమ్మంలో పిల్లలు పోయాక వెతకబోయారు. అప్పుడు నిజం చెప్పినా చెవిని పెట్టేదెవరు?

మనవాళ్ళకూ ఒక మాట. అడగకుండా సూది పొడిచినవాళ్ళను నిలదీయడం మన ధర్మం. ఆ కోపంలో టీకాయే విషమని ప్రచారం చేసినవాళ్ళు మనలో లేకపోలేదు. ఆ క్యాన్సర్‌కు ఎక్కువగా బలయ్యేది పరీక్షకూ వైద్యానికీ నోచుకోని పేదస్త్రీ. మన ప్రచారంవల్ల రక్షణ పోగొట్టుకునేది ఆమె కూతురే.

చెప్పవలసింది కొండంత లేదు. చెయ్యి నొప్పిపుడుతుంది, కాస్త జ్వరం రావచ్చు, కొందరు పిల్లలు కళ్ళుతిరిగి పడతారు, అందుకని సూది వేశాక పావుగంట కూర్చోబెడతారు. భద్రాచలం మన్యంలో కోయతల్లికి దీన్ని కోయమాటల్లోనే చెప్పాలి. ఆ రాత్రి పిల్లకు ఏదైనా అయితే ఏ తలుపు తట్టాలో కూడా చెప్పాలి.