అమ్మదగినది, అమ్మరానిది





ఈసారి మనం కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇది: మర్యాదతో చూసుకున్న వస్తువుకు వెల కట్టవచ్చా? కొలిమిని నమ్ముకుని బతికిన సిక్లిగర్ కుటుంబాలకు ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. గోడకు తగిలించుకోవడానికి నగిషీ కత్తి చేసిపెట్టమని ఒకరు వస్తారు. ఇంట్లో ఉన్న తాతల నాటి కత్తిని అమ్మమని మరొకరు బేరమాడతారు. కొత్త కత్తికి తుప్పు పట్టించి, పాతదిలా చేసి ఇమ్మని ఇంకొకరు అడుగుతారు. ఈ ముగ్గురికీ ఒకే జవాబు చెప్పలేం.

ఇలాంటి ప్రశ్న రష్యా దేశంలో చాలా పెద్ద ఎత్తున వచ్చింది. ముందు దాన్ని చూద్దాం. అక్కడి క్రైస్తవులు చెక్క పలకల మీద యేసు, మరియమ్మ, సాధువుల బొమ్మలు గీయించి ఇంట్లో ఒక మూలన నిలుపుకుంటారు. వాటిని ఐకాన్లు అంటారు. పాతకాలంలో భక్తిగల రష్యన్లు డబ్బిచ్చి తెచ్చుకున్నా, ఐకాన్‌ను 'కొన్నాం' అనేవారు కాదు, 'మార్చుకున్నాం' అనేవారు. పాడైపోయినదాన్ని పారేయక ఏటిలో వదిలేవారు.

మనం బొమ్మలను పూజించం. మన గురువుకు మరే వస్తువుతోనూ పోలిక లేదు. కానీ ఆ మాట వెనుక ఉన్న అదబు మనకు తెలియనిది కాదు. గురు గ్రంథ్ సాహిబ్ సరూప్ తెచ్చుకునేటప్పుడు మనం ధర అనం, భేటా అంటాం. జీర్ణమైన సరూప్‌లను గోఇంద్‌వాల్ సాహిబ్‌కు చేర్చి మర్యాదతో అగ్నికి అర్పిస్తాం. డబ్బు చేతులు మారినా, ఆ డబ్బే దాని విలువ కాదని ఈ మాటలు మనకు గుర్తుచేస్తాయి.

1917 విప్లవం తర్వాత రష్యా ప్రభుత్వం వేరే లెక్క వేసింది. 1922లో ఘోరమైన కరువు చూపించి చర్చిల వెండి బంగారాలను జప్తు చేసింది. ఆకలిగొన్నవారి కోసం వెండి గిన్నె కరిగిస్తే తప్పేముందని మనమూ అంటాం. లంగర్ నడిపే పంథ్ ఇంకెలా అంటుంది? కానీ ఆ ఏడాది మార్చిలో లెనిన్ రాసిన రహస్య లేఖలో వేరే ఉద్దేశం కనిపిస్తుంది: చర్చిని అణచడానికి కరువు సమయమే అనువైనదని ఆయన తన వారికి చెప్పాడు. ఆకలి పేరు ముందు పెట్టి వెనుక మరో పని చేశారన్నమాట. తర్వాతి ఏళ్లలో విదేశీ డబ్బు కోసం ఐకాన్లను కూడా అమ్మారు. 1937-38లో మాస్కోలో అమెరికా రాయబారిగా ఉన్నాయన భార్య మార్జరీ పోస్ట్ అక్కడ ఐకాన్లు, పూజా పాత్రలు ఎన్నో కొన్నారు. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆమె ఇల్లయిన హిల్‌వుడ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. కొన్నవారే లేకపోతే వాటిలో కొన్ని కరిగిపోయేవే. కాబట్టి సేకరించేవారందరినీ దొంగలనడం న్యాయం కాదు. తప్పు, తనది కానిదాన్ని అమ్మినవాడిది.

దీనికి ఎదురుగా తిఖ్విన్ ఐకాన్ కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అది తన మఠం నుంచి వెళ్లిపోయింది. 1944లో రీగా బిషప్ దాన్ని వెంట తీసుకుని దేశం విడిచారు. తర్వాత అది షికాగో చేరింది. అమ్మితే ఎంతో డబ్బు వచ్చేది. ఆయన అమ్మలేదు. మఠం మళ్లీ నిలబడినప్పుడు తిరిగి ఇవ్వాలని చెప్పి వెళ్లారు. ఆయన దత్తపుత్రుడు 2004లో ఆ మాట నిలబెట్టాడు. ఆ ఇద్దరూ దాన్ని ఆస్తిగా చూడలేదు, అమానత్‌గా చూశారు.

ఇక కత్తుల సంగతి. రష్యాలోని జ్లాతౌస్త్ ఊళ్లో 1815లో ఆయుధ కర్మాగారం మొదలైంది. అక్కడి పనివారు ఉక్కు మీద బంగారంతో గుర్రాలు, యుద్ధ దృశ్యాలు చెక్కి, బహుమతిగా ఇచ్చే కత్తులు చేసేవారు. అదే కర్మాగారంలో అనోసోవ్ అనే ఇంజినీరు తూర్పు దేశాల పాత ఉక్కు మర్మం కోసం ఏళ్ల తరబడి శ్రమించి 1841లో గ్రంథం ప్రచురించాడు. ఆ పేరుపొందిన ఉక్కు తయారైన చోట్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. అలంకారం కోసమే చేసిన కత్తిని అలంకారమనే చెప్పి అమ్మడంలో దోషం లేదు. అది పనితనానికి దక్కిన కూలి.

మన పేరే మెరుగుపెట్టడమనే అర్థమున్న సైకల్ అనే మాట నుంచి వచ్చింది. గురు హర్‌గోబింద్ సాహిబ్ 1606లో మీరీ, పీరీ అనే రెండు కత్తులు ధరించారు. 1849లో పంజాబ్ ఇంగ్లీషువారి వశమయ్యాక దశమ గురువు శస్త్రాలు కొన్ని డల్హౌసీ ద్వారా ఇంగ్లండ్ చేరాయి. 1966లో అవి తిరిగి వచ్చి, ఇప్పుడు కేస్‌గఢ్ సాహిబ్‌లో దర్శనమిస్తున్నాయి. వాటిని సంగత్ కొనుక్కున్న వస్తువులుగా కాదు, ఇంటికి చేరిన పెద్దలుగా ఎదుర్కొంది.

ఇప్పుడు ఆ ముగ్గురికీ జవాబు చెప్పవచ్చు. నగిషీ కత్తి అడిగినవారికి, చట్టం ఒప్పుకున్న మేరకు, చేసి ఇవ్వండి, అది కిరత్. దాని మీద గుర్‌బాణీ మాత్రం చెక్కవద్దు, అది ఏ గోడకు వేలాడుతుందో మనకు తెలియదు. పాతదిలా చేయమన్నవారిని పంపించేయండి. చేతిలో సుత్తి ఉన్నంత మాత్రాన అబద్ధం కిరత్ కాదు.

తాతల కత్తి విషయమే కష్టం. నూరేళ్లు దాటిన కత్తి దేశం బయటికి పోకుండా 1972 చట్టం అడ్డుకుంటుంది. కానీ చట్టం కంటే ముందు ప్రశ్న ఒకటుంది: అది మనదా, మన చేతిలో ఉన్న అమానతా? తాత ఇచ్చింది, మనవడికి అందవలసింది అయితే దాన్ని అమ్మే హక్కు మన ఒక్కరిది కాదు.

అయినా బిడ్డ ఆసుపత్రిలో ఉంటే, ఇంట్లో పొయ్యి వెలగకపోతే? అప్పుడు అమ్మిన తండ్రిని పాపి అనకండి. అతను కత్తి తీసుకుని వ్యాపారి గుమ్మానికి వెళ్లేదాకా సంగత్‌కు ఆ సంగతి ఎందుకు తెలియలేదని అడగండి. దసవంధ్ అనేది ఇలాంటి రోజు కోసమే. మీ గురుద్వారాలో ఈ నెల దీవాన్ తర్వాత ఒక పని చేయండి. ఎవరింట్లో ఏ పాత శస్త్రం ఉందో, ఎవరింట్లో ఏ కష్టం ఉందో రెండూ కలిపి అడిగి తెలుసుకోండి. రెండో సంగతి పట్టించుకోని సంగత్‌కు మొదటిదాన్ని కాపాడమని చెప్పే హక్కు ఉండదు.